నీలిపట్టు కోటు, ఎడమ చెయ్యి

వర్షిణి చేతులకు ఒక జబ్బు ఉంది. బట్ట మీద అనవసరపు దారం కనిపిస్తే లాగెయ్యకుండా ఉండలేవు. కరీంనగర్‌లో వాళ్లమ్మ నాగమల్లేశ్వరి కుట్టుమిషను పక్కన పెరిగిన పిల్ల మరి! అసలు కుట్టు పడేదాకా ముక్కలు జరగకుండా పట్టి ఉంచే కచ్చాకుట్లను, గిరాకీకి బట్ట ఇచ్చే ముందు ఊడదీయడం చిన్నప్పటి నుంచీ ఆమె పనే.

ఆ చేతులే ఈ రోజు కొంప ముంచాయి.

దేశ రాజధానిలో, వసంత్ కుంజ్‌లోని డిజైనర్ ఇంద్రజ గారింట్లో రెండు గదుల నిండా ఆవిడ నలభై ఏళ్ల పని ఉంది. కుట్టుపని నేర్చుకునే పిల్లలు ఏ ఊళ్లో ఉన్నా ఫోన్లో చూసుకునేలా దాన్నంతా ఫొటోలు తీయిస్తోంది ఒక సంస్థ. కటవారియా సరాయ్‌లోని అద్దె గది నుంచి రోజూ వచ్చి బట్టలు సిద్ధం చేసేది వర్షిణి. కెమెరా పని దశరథ్‌ది.

ఈ రోజు వంతు నీలిపట్టు కోటుది. దాని ఎడమ చెయ్యి భుజం దగ్గర ఎక్కడా కుట్టు కనిపించకుండా, నీళ్లు జారినట్టు జారుతుంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని వర్షిణి వేలితో తడిమి చూసినా కుట్టు తగల్లేదు. తీరా లోపలికి తిప్పి చూస్తే ఎర్రవి, పచ్చవి, పసుపువి కచ్చాకుట్లు! పాపం, ఎవరో మరిచిపోయారనుకుని పది నిమిషాల్లో అన్నీ పీకేసింది.

అప్పుడు దశరథ్ ఇంద్రజ గారు రాసిచ్చిన జాబితా తీసి చదివాడు. "ఎడమ చేతి లోపల మూడు రంగుల కచ్చాకుట్లు. కుదరక మూడుసార్లు మార్చాను. పిల్లలకు చూపాల్సింది ఇదే."

ఒళ్లో పడి ఉన్న దారం ముక్కల్ని చూసుకుని వర్షిణి ఏడుపు మొదలుపెట్టింది.

"అరే యార్, ఏడవకు," అన్నాడు దశరథ్. "అవే రంగుల దారాలతో మళ్లీ కుట్టెయ్. ఎవరికి తెలుస్తుంది?"

నిజం చెప్పొద్దూ, ఆమె సూదిలో దారం కూడా ఎక్కించింది. పాత రంధ్రాలు కనిపిస్తే వాటి వెంటే కుట్టొచ్చని, ఇంద్రజ గారు గీసిన పాత బొమ్మల ఫొటోలు తీసే గాజుబల్ల మీద కోటు చెయ్యి పరిచి, కింద దీపం వేసింది.

అమ్మో!

పట్టులో సూది దిగిన చోటల్లా వెలుగు చుక్క. ఒక వరస, దాని పక్కన ఇంకో వరస, దాన్ని కోసుకుంటూ మరొకటి. వేలు పెట్టి లెక్కపెట్టింది. మూడు కాదు, పదకొండు. అంత పెద్దావిడ ఈ ఒక్క భుజం కోసం పదకొండుసార్లు విప్పి, పదకొండుసార్లు మళ్లీ మొదలుపెట్టిందా! ఆ చుక్కల మీద దొంగకుట్టు వెయ్యడానికి వర్షిణికి చెయ్యాడలేదు. సూది పక్కన పెట్టి, లేచి వెళ్లి ఇంద్రజ గారిని పిలుచుకొచ్చింది.

"మేడమ్, తప్పు చేసిన. దారాలన్నీ నేనే పీకేసిన. తెల్వక చేసిన."

ఇంద్రజ గారికి డెబ్భై దాటాయి, కోపం మాత్రం ఇరవైలోనే ఆగింది. "చదవడం రాదుటే నీకు? రాసిచ్చాను కదా!" అని ఇల్లెగిరిపోయేలా అరిచారు. అరుస్తూనే బల్ల వైపు తిరిగారు. వెలుగు చుక్కలు చూసి దగ్గరికి వచ్చారు.

ఒక్కో వరస వెంటే ఆ చుక్కల మీద వేలు నడిపించారు.

"పదకొండున్నయ్ మేడమ్," అంది వర్షిణి మెల్లగా.

"తెలుసు." ఆవిడ వేలు ఎనిమిదో వరస దగ్గర ఆగింది. "మొదటి ఎనిమిదీ సిగ్గేసి నేనే పీకేశాను. ఇంత పేరున్న దాన్ని, ఎనిమిదిసార్లు తప్పానంటే నవ్వరూ? దారి దొరికాక, తొమ్మిదోసారి నుంచి రంగుదారాలు ఉంచాను. ఇన్నేళ్లూ అందరికీ మూడనే చెప్పాను. ఈ బట్ట మరిచిపోలేదు చూడు."

పిల్లలకు ఏం చూపాలో, చూపకూడదో చెప్పాల్సింది ఆవిడే. ఒక్కమాటంటే దశరథ్ దీపం ఆర్పేసేవాడు.

ఇంద్రజ గారు కళ్లు తుడుచుకుని కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నారు.

"దశరథ్, ఇలాగే తియ్యి, వెలుగుతోనే. పదకొండూ కనపడాలి," అన్నారు. "వర్షిణీ, నువ్విటు రా. ఏది ఎందుకు తప్పిందో చెప్తాను, రాసుకో. మొదటిది నాకింకా బాగా గుర్తుంది."

వర్షిణి పుస్తకం తెరిచి, పైన ఒకటి అని అంకె వేసింది.