పాము కాటు కోసం

చిక్కడపల్లి బడిలో దమయంతి టీచర్ చేరి నెలైంది. అది తొంభై మూడో సంవత్సరం. నాలుగో తరగతి పిల్లలకు ఎక్కాలంటే చలిజ్వరం. పాపం, ఆవిడ నారాయణగూడలో అట్ట కొనుక్కొచ్చి రెండు ఆదివారాలు కూర్చుని వైకుంఠపాళి గీసింది. ఎక్కం ఒప్పు చెబితే నిచ్చెన, తప్పితే పాము. పాము కరిచినవాళ్లు చచ్చినట్టు పడుకోవాలి, మిగతావాళ్లు శోకాలు పెట్టాలి.

ఇంకేం! నిచ్చెన ఎక్కినవాణ్ణి పలకరించే దిక్కు లేదు. చచ్చినవాడికేమో ముప్పైమంది గుండెలు బాదుకుంటూ, "అయ్యో కొడుకా, మమ్ముల ఇడిశిపెట్టి పోతివా" అని రాగం తీస్తారు. ఇంత వైభోగం ఉండగా నిచ్చెన ఎవడిక్కావాలి? వారం తిరిగేసరికి తరగతి మొత్తం తప్పులే.

ఆ ఏడుపులు విని హెడ్మాస్టర్ వీరరాఘవరావు గారు వచ్చారు. "ఏంది టీచరమ్మా ఈ లొల్లి? శనివారం నేనే ఎక్కాలడుగుత. రాకుంటే ఈ అట్ట బయటికి, నా బెత్తం లోపలికి."

ఆ బెత్తానికి జడిసే, అశోక్‌నగర్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే మేస్త్రీ హనుమప్ప కూతురు నర్మద నిరుడు రెండు నెలలు బడి ఎగ్గొట్టింది. ఇప్పుడు గంట కొట్టకముందే వస్తోంది. అది మళ్లీ మాయమైతే? దమయంతికి అన్నం సయించలేదు.

శనివారం రానే వచ్చింది. సారు బెత్తం బల్లమీద పెట్టి, "నర్మదా, ఏడెనిమిదులెంత?" అన్నారు.

"యాభై ఐదు సార్!" అని కిలకిలా నవ్వి అది దబ్బున పడిపోయింది. తరగతి శోకాలందుకుంది. సారు మొహం కందగడ్డ చేసుకుని బెత్తం అందుకున్నారు.

దమయంతి పరుగున అడ్డం వచ్చింది. "యాభై ఐదని ఎందుకన్నవే తల్లీ?"

చచ్చిన పిల్ల ఒక కన్ను తెరిచింది. "యాభై ఆరంటే పాము కరవది గద టీచర్! మొన్న తెల్వక నోటికొచ్చింది చెప్తే, నా ఖర్మ, అదే కరెక్టయింది. నా కోసం ఎవ్వరు ఏడ్వలే. గందుకే ఎక్కాలన్ని బట్టీ పట్టిన, మల్ల పొరపాటున గూడ కరెక్టు గావద్దని."

సారు నమ్మలేక వెనకబెంచీకి తిరిగారు. "ఎనిమిది తొమ్మిదులెంత?"

"డెబ్బై రెండు గాకుండ ఏదన్న సరే సార్!"

దమయంతికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నర్మద లేచి లంగా దులుపుకుంది. "మీరు గూడ ఆడున్రి సార్. పదమూడేడులెంత?"

సారు గొంతు సవరించుకున్నారు. గుమ్మం వైపు ఓసారి చూసుకున్నారు. "తొంభై... రెండు," అన్నారు. రాక అన్నారో, కావాలని అన్నారో ఆయనకే తెలియాలి. బెత్తం మూలన పడేసి, కుర్చీలో తల వాల్చి కళ్లు మూసుకున్నారు.

"అయ్యో మా సారో!" అని అందరికంటే ముందు గొంతెత్తింది నర్మదే.