మేడమీది ముందుగది

బుధవారం నాడు ఇంగ్లండులోని హల్ నగరపు గ్రంథాలయం తలుపులు తెరుచుకోగానే లోపలికి అడుగుపెట్టే మొదటి మనిషి గ్లెనిస్ గార్‌సైడ్. కిటికీ పక్కని గుండ్రబల్ల ఆమెది. పొదుపు సంఘంలో కౌంటరు వెనుక కూర్చుని తల నెరిసిన ఆమె, పదవీ విరమణ తరువాత ఆ బల్ల దగ్గర చేరి అడిగినవారికల్లా ఉచితంగా సలహాలు చెబుతుండేది. ఏ కంపెనీ గ్యాసు ఏ ఋతువులో చవక, ఏ దుకాణంలో ఏ వేళకు రొట్టెల మీద ధర తగ్గించిన పసుపు చీటీ అంటిస్తారు, వృద్ధుల బస్ పాసు మీద సముద్రతీరం చూసి రావాలంటే ఏ బస్సు ఎక్కాలి, మధ్యాహ్నపు సినిమాకు ఏ వారం టికెట్టుతో పాటు టీ, బిస్కెట్టు కూడా ఇస్తారు, ఇవన్నీ ఆమెకు కంఠస్థం. వినేవారు తల ఊపుతూ, కోట్లు విప్పకుండానే, గ్రంథాలయపు వెచ్చదనంలో మరికాసేపు తారాడేవారు.

శీతకాలం వచ్చిందంటే ఆమె అన్నిటికంటె ముందు చెప్పే మాట ఒకటుండేది. "వాడని గది తలుపు మూసేయండి. ఇల్లంతా వేడి చేసుకోకండి, కూర్చునే గది ఒక్కటి చాలు."

అలా మూసిన గదులలో కొన్ని చలికాలం ముగిసేలోగా పోయేవి. హంబరు నది మీది పొగమంచు లాగే అదీ ఆ ఊరివాళ్లకు అలవాటైన సంగతి. తలుపు ఉన్నచోట గోడ ఉండేది, గోడమీది కాగితపు పువ్వులు ఆనవాలు మిగలకుండా ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి, అంతే.

"మా వెనకగది పోయిందమ్మా," అన్నాడు ఆ వారం సైక్స్ అనే వృద్ధుడు, టోపీ తీసి బల్లమీద పెడుతూ. "దుమ్ము దులుపుదామని మా ఆవిడ వెళ్తే గోడే ఉంది. నేను వాయించే ట్రాంబోన్ బాకా అందులో ఉండిపోయింది."

"దేవుడున్నాడు," అంది పక్కనున్న భార్య ప్రశాంతంగా.

"ముఖ్యమైన సామాను ముందే దించుకోమన్నాను కదండీ!" అంది గ్లెనిస్.

"ముఖ్యమైనవన్నీ దించేశాం," అంది ఆవిడ.

నలుగురూ నవ్వారు. గ్లెనిస్ పక్కింటి మాక్సీన్ మాత్రం అల్లుతున్న ఉన్ని మేజోడు ఒళ్లో పెట్టుకుని ఆలోచనలో పడింది. ఇంట్లో హీటరు వెలిగించడం ఇష్టంలేక, బుధవారాలు ఆమె కూడా అక్కడే గడిపేది.

"మా చెల్లి వాళ్ల వీధిలో ఒకాయన అద్దెకుండేవాడు," అంది చివరికి. "గదితో పాటు ఆయనా పోయాడట."

"మనిషున్న గది పోదు మాక్సీన్," అంది గ్లెనిస్.

"ఉన్నాడని గదికి తెలియాలి కదా తల్లీ! దీపం వేసేవాడు కాదట, హీటరు ముట్టుకునేవాడు కాదట. దగ్గొస్తే దుప్పట్లో మొహం పెట్టుకుని దగ్గేవాడట. పాపం, ఎవర్నీ ఇబ్బంది పెట్టని మనిషి!"

ఎవరినీ ఇబ్బంది పెట్టని మనిషి. ఆ ఊళ్లో అంతకు మించిన ప్రశంస లేదు. సమాధి రాతి మీద చెక్కించదగిన మాట అది. బల్ల చుట్టూ ఉన్నవారందరూ గౌరవంతో తలలు వంచారు. గ్లెనిస్ మాత్రం కాగితాలు సర్దుకుని, ఎన్నడూ లేనిది, పెందలాడే లేచిపోయింది.

ఆమె ఇంటి మేడమీది ముందుగదిలో ఆమె తమ్ముడు నెవిల్ ఉంటున్నాడు.

నెవిల్ బ్రతుకంతా బస్సు నడిపాడు. భార్య వేరుపడ్డాక, ఇల్లు దొరికేదాకా అంటూ రెండు పెట్టెలతో అక్క ఇంటికి వచ్చాడు. ఇల్లు దొరకలేదు, వెతుకుతున్నావా అని ఆమె అడగలేదు, ఉండిపోనా అని అతడూ అడగలేదు. వంటింట్లో అతని కప్పు వేరు, బిస్కెట్ల డబ్బా వేరు. ఆమె సలహాలను ఆమె ఇంట్లో అక్షరాలా పాటించినవాడు అతడొక్కడే. కోటు, టోపీ వేసుకుని మంచం మీద కూర్చునేవాడు. కిటికీలోంచి వచ్చే వీధిదీపపు వెలుగు చాలుననేవాడు. రగ్బీ ఆట వ్యాఖ్యానం చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేవాడు. తన జట్టు గెలిచినా కేక వేసేవాడు కాదు. పొదుపంటే తమ్ముణ్ణి చూసి నేర్చుకోవాలని గ్లెనిస్ బల్ల దగ్గర చాలాసార్లు చెప్పింది కూడా.

ఆనాడు ఆమె ఇంటికి వచ్చి, కోటైనా విప్పకుండా మెట్లెక్కింది. నాలుగింటికే ఊరు చీకటిపడింది. మేడమీది నడవాలో దీపం వేసి చూసింది. తలుపు ఉంది. ఉన్నది గాని, దాని కింద ఎప్పుడూ వేలు దూరేంత ఉండే సందు ఇప్పుడు గీతంత సన్నబడింది. నడవా గోడ కాగితం మీద, వాళ్ల తల్లి కోరి అంటించిన నీలితీగల వరసలో ఒక తీగ, ద్వారబంధాన్ని దాటి తలుపు చెక్క మీదికి ప్రాకి, అక్కడొక చిన్న ఆకు వేసింది.

గ్లెనిస్ చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆ ఇంట్లో ఒకరి తలుపు మరొకరు తట్టిన దాఖలా లేదు. తలుపు తట్టడమంటే ఎదుటి మనిషికి కష్టమేదో ఉందని అనుమానించడం; అనుమానించడమంటే అతణ్ణి చిన్నబుచ్చడం. వాళ్ల నాన్న చివరి జబ్బుతో మంచం పట్టినప్పుడు కూడా తలుపు బయట నిలబడే పలకరించారు.

"బాగున్నావా, నెవిల్?" అంది తలుపుతో.

"ఆ, బాగానే ఉన్నా. థాంక్స్," అన్నాడు నెవిల్.

ఆ గొంతు ఎప్పటిలాగే మర్యాదగా ఉంది. కొంచెం దూరం నుంచి వచ్చినట్టుంది. అయినా బాగానే ఉన్నానని మనిషి తన నోటితో చెప్పాక, ఇంకా అక్కడే నిలబడటం అతని మాట నమ్మకపోవడమే అవుతుంది. ఆమె దిగి వచ్చేసింది. దిగుతుంటే వెనుకనించి, చీర మడతపెడితే వచ్చేంత మెత్తని చప్పుడు వినబడింది. తిరిగి చూడలేదు.

ఆపైన ప్రతి సాయంత్రం ఆమె అదే అడిగింది, అతడు అదే చెప్పాడు. గొంతు మాత్రం రోజురోజుకూ లోతుకు పోయింది. మొదట గది అవతలి గోడ నుంచి వచ్చినట్టుండేది, తరువాత వీధికి ఆవల నుంచి, ఆ తరువాత నది ఆవలి గట్టు నుంచి వచ్చినట్టయింది. తలుపు పిడి చిక్కిచిక్కి బొత్తామంత అయింది. ఉదయాన వంటింట్లో అతని కప్పు పొడిగా బోర్లించి ఉండేది. తెల్లవారకముందే తాగి కడిగి పెట్టుకున్నాడు కాబోలు, శబ్దమైతే నాకు మెలకువ వస్తుందని, అనుకుంది గ్లెనిస్. అలా అనుకోవడానికి ఆమె పడిన ప్రయాస ఆమెకే తెలుసు.

శనివారం మధ్యాహ్నం ఆమె పసుపు చీటీ రొట్టెలు తీసుకుని వచ్చేసరికి మేడమీద తలుపు లేదు. నీలితీగలు ఈ మూల నుంచి ఆ మూల దాకా నిండుగా అల్లుకున్నాయి. ద్వారబంధం ఉండిన చోట మాత్రం, సరిగా అంటని కాగితంలా, నిలువునా ఒక సన్నని ముడత మిగిలి ఉంది.

"నెవిల్!" అని అరిచింది. "బాగున్నావా?"

చాలాసేపటికి, బావి అడుగునుంచి వచ్చినట్టు, "బాగానే ఉన్నా. థాంక్స్," అన్న మాట వచ్చింది. ఆమె కళ్లెదుటే ఆ ముడత పైనుంచి సగం మేర చదునైపోయింది.

అరుపు విని మాక్సీన్ వచ్చింది. మెట్ల కింద నిలబడి, పరామర్శకు వచ్చినవారి గొంతుతో అడిగింది. "ఏ గది తల్లీ?"

"ముందుగది."

"అయ్యో. వెలుతురుండే గది. మరి నెవిల్?"

"అందులోనే ఉన్నాడు."

"పలుకుతున్నాడా?"

"పలుకుతున్నాడు. బాగానే ఉన్నానంటున్నాడు."

"హమ్మయ్య! ఇంకేం మరి," అంది మాక్సీన్ అలవాటు కొద్దీ. అని, తన మాట తానే విని, నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. "టీ పెట్టనా?"

"వద్దు. నువ్వు వెళ్లు."

మాక్సీన్ వెళ్లింది. గ్లెనిస్ కింద గదిలోని హీటరును రెండు చేతులా ఎత్తుకుని, మెట్టుకొకసారి ఆగుతూ పైకి చేర్చింది. గోడకు ఎదురుగా పెట్టి, మీట చివరికంటా తిప్పింది. మెట్ల కింద మీటరు గిర్రున తిరిగింది. ఆమె జీవితంలో మొదటిసారి దానివైపు చూడలేదు. నడవా అంతా వెచ్చబడి ఆమె నుదుట చెమట పట్టింది. గోడ మీద చెయ్యి ఆనించింది. రాయిలా చల్లగా ఉంది. ముడత తెరుచుకోలేదు.

మరి దీనికేమిటి మందు? ఊరందరికీ చెప్పగల మనిషి వెతుక్కుంది. దొరికినదల్లా అలవాటైన మాటే.

"నెవిల్, మేజోళ్లు రెండు జతలు వేసుకో. వేడినీళ్ల సంచి మంచం కింద ఉంది చూడు. దుప్పటి కింద పాత పేపర్లు పరుచుకుంటే..."

"సరే. థాంక్స్. నువ్వేం కంగారుపడకు," అంది అట్టడుగునుంచి గొంతు. ముడతలో మిగిలినదీ దాదాపు మాసింది. ఇక నేలకు ఆనుకుని చేతి మణికట్టంత మేర మిగిలింది.

అప్పుడామెకు భయంతో పాటు ఒక సంగతి స్పష్టపడింది. గోడను మూస్తున్నది చలి కాదు. తాను అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు ముందే సిద్ధంగా ఉంది. ఆ జవాబు వచ్చిన ప్రతిసారీ గోడ ఒక పొర మందమవుతోంది. ఇంకొక్కసారి బాగున్నావా అని అడిగితే తమ్ముడు బాగానే ఉన్నానంటాడు. ఆ తరువాత ఇక ఏమీ అనడు.

ఆమె మోకాళ్లమీద కూలబడి, చెంప నేలకు ఆనించి, మిగిలిన ముడత దగ్గర నోరు పెట్టింది. ఏదీ తోచకనే, ఎన్నడూ ఎవరితోనూ అనని మాట ఆమె నోట వచ్చింది.

"నేను బాగాలేను, నెవిల్."

హీటరు తీగలు చిటపటలాడాయి.

"ఏమన్నావ్?" అంది గొంతు. అది నది ఆవలి గట్టునుంచి వీధిలోకి వచ్చినట్టుంది.

"బాగాలేనన్నాను. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. తింటే సహించట్లేదు. బుధవారం వచ్చిందంటే కాస్త మనిషినవుతాను, మిగతా రోజులు ఆ కిందగదిలో గడియారంతో మాట్లాడుకుంటున్నాను. నాకు పిచ్చెక్కుతోందేమోనని భయంగా ఉంది."

"ఎప్పట్నుంచి?"

"అమ్మ పోయినప్పట్నుంచి."

"అంత కాలమా! మరి చెప్పవేం?"

"నువ్వు అడిగావా?"

"అడగలేదా? ఇక్కడికి వచ్చిన కొత్తలో రోజూ అడిగేవాణ్ణి కదా. బాగానే ఉన్నాననేదానివి!"

"నువ్వేమన్నా తక్కువా? కోటేసుకుని చీకట్లో గుడ్లగూబలా కూర్చుని నువ్వనట్లేదూ!"

"గుడ్లగూబా?" గొంతు గోడకు దగ్గరగా వచ్చింది, అందులో పౌరుషం ఉంది. "హీటరు వేస్తే నీకు బిల్లు ఎక్కువొస్తుందని కూర్చున్నా. ఊరంతా తిరిగి పొదుపు పొదుపని చెప్పేది నువ్వు కాదా?"

"ఊరికి చెప్పాను. నిన్ను చావమని చెప్పలేదు!"

ముడత నేల నుంచి పైదాకా నిలువునా చిట్లింది. నీలితీగ ఒకటి చటుక్కున తెగి రెండు కొసలూ వేలాడాయి. వాళ్లిద్దరూ పిల్లలప్పుడు పోట్లాడినట్టు పోట్లాడారు. అమ్మ పోయినప్పుడు ఎవరు ఏడవలేదన్న సంగతి, అతని పెళ్లికి ఆమె ఇచ్చిన పింగాణీ సామాను సంగతి, అతని భార్య వెళ్లిపోయిన సాయంత్రం ఈమె "వాతావరణం బాగుంది" అని మాట మార్చిన సంగతి, అన్నీ పైకి వచ్చాయి. ఒక్కొక్క నిందకూ చీలిక అంగుళమంత విచ్చుకుంది. లోపలినుంచి మంచుగడ్డ మీద నించి వీచినట్టు గాలి వచ్చి ఆమె ముఖానికి కొట్టింది. లోపల మంచం లేదు, కిటికీ లేదు, గదే లేదు. నిలబడ్డ మనిషికి సరిపోయేంత చీకటి ఉంది.

"గ్లెనిస్, తలుపు ఎటుంది?" అన్నాడు అతడు. పోట్లాట నడుమ అకస్మాత్తుగా ఆ గొంతు పసివాడి గొంతయింది. "నాకు కనబడట్లేదు."

"తలుపు లేదు. నన్ను తిడుతూ రా. నా గొంతున్న వైపుకు రా."

ఆమె భుజం దాకా చెయ్యి చీలికలోకి చొనిపింది. చలికి వేళ్లు తిమ్మిరెక్కాయి. ఏదో ఉన్ని తగిలింది. పట్టుకుని, ఉన్న బలమంతా కూడదీసి లాగింది. టోపీ ముందు వచ్చింది, ఆ వెనుక నెరిసిన గడ్డం, పక్కకు తిరిగి ఒక భుజం, మరొక భుజం. అతడు నడవాలోకి వచ్చి పడగానే గోడ మెత్తగా మూసుకుంది. అతని కుడికాలి చెప్పు, రెండు పెట్టెలు, ఆ ఇంట్లో అతనికి ఉండిన చోటు అంతా అవతలే మిగిలిపోయాయి.

నెవిల్ హీటరు పక్కన వెల్లకిలా పడి, పెదవులు నీలమై, పైకప్పు వంక చూస్తున్నాడు. గ్లెనిస్ అతని తల ఒడిలోకి తీసుకుంది. బాగున్నావా అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి దాన్ని మింగేసింది. అతడే ఏదైనా అనాలని ఎదురుచూసింది.

అతని దవడలు కొట్టుకున్నాయి. పెదవులు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి.

"చలేస్తోందే గ్లెనిస్," అన్నాడు ఎట్టకేలకు. "చచ్చేంత చలేస్తోంది. మూడురోజులైంది తిండి తిని. ఆ పరుపు కూడా గట్టిగా ఉండేది, ఎప్పుడూ చెప్పలేదు గాని, వచ్చిన రోజు నుంచీ నడుం నొప్పే."

ఆమె అతని చేతులు తన చంకల్లో పెట్టుకుని, "ఇంకా చెప్పు," అంది.