టేపు అందని తల

హాలియా ఊర్ల పుష్పమ్మ జాకెట్ కుట్టాలంటె ముందు ఛాతి, తర్వాత చేతులు, ఆఖరికి తల కొలుస్తది. జాకెట్‌కు తలెందుకని కొత్తోళ్లు గూడ అడగరు. టీవీలల్ల, ఫోన్లల్ల చూసిన మొఖాలు తల లోపల ఎంత జాగా పట్టినయో ఆమె టేపు చెప్తది. కొత్త సీరియల్ మొదలైతె పుష్పమ్మ తలనే ఇంచు పెరుగుతది. "ఏం జేత్తం, కరెంటుంటె చూస్తం," అని నవ్వుతది.

ఆ పొద్దు కౌసల్య తన బిడ్డ మనస్వినిని గుంజుకొచ్చింది. ఎల్లుండే పిల్ల శారీ ఫంక్షన్. కాల్వ కాడ పిల్ల ఫొటోతోటి ఫ్లెక్సీ కట్టిన కాన్నుంచి పిల్ల అన్నం ముడుతలేదు, ఫంక్షన్ల కూసోనే కూసోనంటాంది.

"ఫోన్ల హీరోయిన్లను చూసి కడుపు మాడ్చుకుంటాంది పుష్పక్కా. జర దీని తల కొలువు. సుట్టాల ముంగట నా ఇజ్జత్ పోయేటట్టుంది."

పుష్పమ్మ టేపు సుట్టింది. "దీని తలల ఏం లేదు గదనే! పోయినేడు ఎంతుందో గంతే ఉంది."

"నీ టేపే ఖరాబైనట్టుంది."

"అయితె నువ్వు కూసో, చూద్దాం."

"నేనేడ జూస్త? సీరియల్ వస్తుంటె ఉల్లిగడ్డ కోసుకుంట చెవులతోటి ఇంటనంతే," అనుకుంటనే కౌసల్య స్టూలు మీద కూసుంది.

టేపు కొసలు రెండూ అందలే. పుష్పమ్మ కొప్పిప్పి మళ్ల గుంజింది. జానెడు ఎడం ఉండనే ఉంది.

"ఫ్లెక్సీల ఉన్న పిల్లనే కూసోబెట్టుకో అమ్మా," అన్నది మనస్విని. "గామెకే చెయ్యి ఫంక్షన్."

కౌసల్యకు మొఖమంత మండిపోయింది. పిల్లను జర తెల్లగ చెయ్యి, ముక్కు జర సన్నగ చెయ్యి అని ఫ్లెక్సీలు కొట్టే ఐలేశంకు చెప్పింది తనే. కూరల ఉప్పెయ్యమన్నంత అలకగ చెప్పింది. అప్పటికప్పుడే ఐలేశంకు ఫోన్ కొట్టింది.

"తమ్మీ, నా బిడ్డ ఎట్లుంటె అట్లనే కొత్తది కొట్టు."

"అసలు ఫొటో పంపక్కా. నువ్వు పంపిందే తెల్లగుండె, నేను ఇంకింత చేసిన."

కౌసల్య ఫోన్ల అన్ని ఫొటోలు వెతికింది. పుట్టినరోజుది, గుట్టకు పోయినప్పటిది, బడిది. అన్నిట్ల పిల్ల పిండి రాసుకున్నట్టే ఉంది. చెంప మీది పుట్టుమచ్చ ఒక్కదాంట్ల గూడ లేదు. ఫోన్ కొన్ననాడు ఫిల్టర్ తనే పెట్టింది, పెట్టినట్టు యాది గూడ లేదు. నా బిడ్డ మొఖం నా దగ్గరనే లేదాయె, అని సిగ్గుతోటి సచ్చిపోయింది.

"జర నా దిక్కు చూడు బిడ్డా," అని ఫోన్ లేపింది. పుట్టుమచ్చ మళ్ల మాయమైంది. "గిది ఎట్ల బంద్ చేస్తరే?" అని తల వంచుకొని అడిగింది.

మనస్విని వచ్చి పక్కన నిలబడి బంద్ చేసింది. ఫొటో దిగినంక, "పుష్పత్తా, తిననీకె ఏమన్న ఉందా?" అన్నది. తల్లిని అడగలే.

కౌసల్యనే లేచి పుష్పమ్మ టిఫిన్ డబ్బ ఇప్పి బిడ్డ ముంగట పెట్టింది.