పెద్దదాన్ని కూర్చోనివ్వండి

"లేవే, పెద్దవాణ్ణి కూర్చోనీ" అన్నారు మా ఆయన వరప్రసాదం గారు. తెనాలిలో మా వార్డు సచివాలయంలో ఖాళీగా ఉన్నది ఒకటే కుర్చీ. లేచాను. నా పేరు సామ్రాజ్యం. ఏలిందంతా స్టవ్వుకీ సింకుకీ మధ్య జాగా. ఆ కాస్త ఏలుబడికే మోకాళ్ళు అరిగిపోయాయి. ఆపరేషన్ తప్పదని బాపట్ల డాక్టరు చెప్పి ఏడాదైంది. "ఇప్పుడు నువ్వు పరుగు పందేలకి వెళ్ళాలేంటి?" అన్నారీయన. నా కాలు ముడుచుకోనంటుంటే, ఆయన చెయ్యి ముడుచుకున్నారు.

ఆవేళ ఆయనకి, డెబ్బై నిండినవాళ్ళకిచ్చే ఉచిత వైద్యం కార్డు వచ్చింది. ఇదివరకు ఆదాయమెంత, రేషన్ కార్డేది అని తిప్పేవాళ్ళు. ఇప్పుడు వయసొక్కటే చాలట, ఎవరి కార్డు వాళ్ళకేనట.

"మరి నాకో?" అన్నాను.

కంప్యూటర్ ముందున్న దీవెన నా ఆధార్ చూసి, "మీకింకా అరవై ఏడేనండి మామ్మగారూ" అంది.

నాకు డెబ్బై రెండు. ఆయనకంటే రెండేళ్ళు పెద్దదాన్ని. రేపల్లెలో సంబంధం ఖాయం చేసుకునేటప్పుడే మా అత్తగారు, "పిల్ల పెద్దదని చర్చిలో తెలిస్తే మావాడికి నామోషీ" అని, వంకాయకి తొడిమ తీసినట్టు నా వయసులో ఐదేళ్ళు తీసేశారు. ఆ తర్వాత ఎవరు అడిగినా అదే లెక్క. ఫ్యాను కింద చోటు పెద్దవాడికి, కూరలో మంచి ముక్క పెద్దవాడికి, ఆఖరి మాటా పెద్దవాడిదే. లేని పెద్దరికానికి ఇన్నేళ్ళు వండి వడ్డించాను.

ఇంటికొచ్చాక చెప్పాను. "నా పదో తరగతి సర్టిఫికెట్ చూపించి వయసు మార్పించుకుంటానండి."

"వయసు పెంచుకునే ఆడదాన్ని నిన్నే చూశానే! నలుగురూ నన్ను నీ తమ్ముడంటారు!"

"అననివ్వండి. తమ్ముడైనా అక్క కాలు బాగుపడాలనే కోరుకుంటాడు."

ఆయన విసురుగా పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆధార్‌లో తేదీ మారాక, స్కూటర్ మీద ఆయనే మళ్ళీ సచివాలయానికి తీసుకెళ్ళారు. వెళ్ళగానే అలవాటుగా కుర్చీలో కూర్చున్నారు. వెనక వరసలో మా చర్చివాళ్ళున్నారు.

"మామ్మగారూ, మీకు డెబ్బై రెండండి! కార్డు వస్తుంది!" అని దీవెన గట్టిగా అరిచింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

నేను కుర్చీ దగ్గరికి వెళ్ళాను.

"లేవండి, పెద్దదాన్ని కూర్చోనివ్వండి."

లేచారు. నా మోకాలు వంగనని మొరాయిస్తుంటే, అందరూ చూస్తుండగానే చెయ్యందించారు. ఆ చెయ్యి పట్టుకుని కూర్చుని, హాయిగా కాలు చాపుకున్నాను.