మోసిన మనిషి

ఇస్త్రీ యంత్రం నుంచి వేడిగా జారిన దుప్పటి కొసలు సెనాదా అందుకుంది. అవతలి కొసలు తోటి పనిమనిషి ఉల్లా పట్టుకుంది. దులపడం, మడవడం, బండిలో పెట్టడం. ఆసుపత్రి లాండ్రీలో ఎనిమిదేళ్లుగా ఇదే పని. వేళ్ల సందుల్లో చర్మం పగిలి తెల్లబారింది.

"రెండింటికి పైన హాల్లో మీ చెల్లెలు మాట్లాడుతుందట. మొన్న బళ్లో విని వచ్చి మా పిల్ల రాత్రి ముద్ద ముట్టలేదు," అంది ఉల్లా.

"దానికి మాటలు బాగా వచ్చులే."

పద్దెనిమిదేళ్ల మెలిహా ఊరూరా బళ్లకు వెళ్లి, బోస్నియాలో తాము చూసిన యుద్ధం గురించి, శాంతి గురించి చెబుతోంది. పేపర్లో ఫోటో పడింది. స్వీడన్‌లోని ఈ బురోస్ ఊళ్లో ఇప్పుడందరూ సెనాదాను "మెలిహా అక్కవా?" అని పలకరిస్తున్నారు. విన్నప్పుడల్లా ఆమెలో అసూయ నిప్పు కణికలా దొర్లుతుంది.

రెండింటికి ఏప్రన్‌తోనే వెళ్లి హాలు తలుపు దగ్గర నిలబడింది.

"నాకప్పుడు తొమ్మిదేళ్లు. కాలు బెణికింది. అడవి దాటి ద్రీనా నది ఒడ్డుకు చేరాం," అంది మెలిహా.

చేరామట. జనం కళ్లు తుడుచుకున్నారు. తలుపు వైపు ఒక్కరూ తిరిగి చూడలేదు.

వరండాలో సెనాదా చెల్లెలి మోచెయ్యి పట్టుకుంది. "నడిచే చేరావా మహాతల్లీ? మూడు గంటలు నిన్ను మోసిన వీపు ఎవరిదే?"

"నీ పేరెత్తొద్దని నువ్వేగా అక్కా ఒట్టు వేయించుకున్నావు. నీ మాటొస్తే నాన్న మాటొస్తుందని."

సెనాదా చెయ్యి వదిలేసింది. ఆ రోజు అడవిలో, తొడలో తూటాతో తండ్రి చెట్టుకు ఆనుకుని, "చిన్నదాన్ని తీసుకుపో," అన్నాడు. ఇద్దరినీ మోసే బలం ఆమెకు లేకపోయింది.

"ఇప్పుడు చెప్పమంటావా?" మెల్లగా అడిగింది మెలిహా.

"వద్దు."

సాయంత్రం మెలిహాకి స్టాక్‌హోమ్ రైలు. అక్కడి శాంతి బృందంతో ఏడాది పని. ప్లాట్‌ఫారం మీద మెలిహా, "ఒకసారి నువ్వూ రా అక్కా. నువ్వే చెబుదువు గాని," అంది.

"నీలా నలుగురిని ఏడిపించడం నాకు రాదులేవే." మాట పుల్లగానే వచ్చింది. చేతులు మాత్రం చెల్లెలి కోటు బొత్తాలన్నీ మెడ దాకా పెట్టాయి. రైలు కదిలింది.

ఇంటికొచ్చి సెనాదా లైటు వేసింది. "నిన్ను వీపున వేసుకుని..." అని పైకే మొదలుపెట్టింది. తండ్రి ఆనుకున్న చెట్టు దగ్గరికొచ్చేసరికి కథ అక్కడే తెగిపోయింది. చెల్లెలు ఈ చెట్టును దాటి ఎలా మాట్లాడగలుగుతోందో? అసూయ మళ్లీ దొర్లింది.

కిటికీ కింద హీటరు మీద మెలిహా మరిచిపోయిన ఉన్ని మేజోడు ఒకటి, మడమ దగ్గర ఇంకా తడిగా ఉంది. సెనాదా దాన్ని తిప్పి, తడి మడమ వేడికి తగిలేలా పరిచింది.