హాని లేని గడ్డ

బెళుగుప్ప పక్క ఊరికి ఒక విడత సర్పంచిగా చేసిన నాగజ్యోతి, ఆ రోజు అనంతపురంలో డాక్టర్ గదిలోకి మొదటిసారి ఒంటరిగా వెళ్లింది. అప్పటిదాకా ఆమె ఒంట్లో ఏముందో ఆమెకంటే ముందు మరిది విజయభాస్కర్‌కు తెలిసేది. ఆ ఇంటి పద్ధతి అది. ఆడవాళ్లు బయట బెంచీ మీద కూర్చుంటారు, మగవాళ్లు ఫైలు పట్టుకుని లోపలికి పోతారు. పంచాయతీ ముద్రను పోట్లాడి తన దగ్గరే పెట్టుకున్న మనిషి, కిడ్నీ ఫైలు మాత్రం నోరెత్తకుండా మరిది చేతికిచ్చింది. ఏం తెలివో!

ఎనిమిది నెలల కిందట ఎడమ కిడ్నీలో నిమ్మకాయంత గడ్డ కనబడితే ఆపరేషన్ చేసి తీశారు. పది రోజులకు పరీక్ష రిపోర్టు వచ్చింది. గదిలోంచి విజయభాస్కర్ కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు.

"క్యాన్సరేనంట వదినా. తిరుగుడు, టెన్షన్లు పనికిరావంట. ఈ తూరి ఎలక్షన్ల మాట మర్సిపో."

ఆమె మర్చిపోయింది. తన బదులు తోడికోడలు ప్రశాంతిని నిలబెట్టమని తనే అడిగింది. ఎటూ పోయేదాన్నే కదా అని తన పట్టుచీరలు కూడా పంచేసింది.

ఇప్పుడు మరిది నామినేషన్ల హడావిడిలో ఉండటంతో స్కాన్‌కు ఒక్కతే బస్సెక్కింది.

"బాగుందమ్మా. ఇక ఏడాదికోసారి వస్తే చాలు" అంది డాక్టర్ ఎలిజబెత్.

"ఇంకెన్నాళ్లుంటాను మేడం? నిజం చెప్పండి."

డాక్టర్ కళ్లద్దాలు తీసింది. "అదేం మాట? మీకు క్యాన్సర్ కాదు. ఆంకోసైటోమా అని అరుదైన గడ్డ, హాని చేయదు. స్కాన్‌లో క్యాన్సర్‌లాగే ఉంటుంది. అందుకే గడ్డ తీసి పరీక్షకు పంపాం, కిడ్నీ అలాగే ఉంచాం. మీ మరిదిగారికి అప్పుడే చెప్పానే!"

నాగజ్యోతికి ఒళ్లు మండిపోయింది. ఈ మాట వింటే మొగుడు తమ్ముడి గొంతు పట్టుకుంటాడని దారంతా అనుకుంటూ వచ్చింది.

ఇంటికొచ్చి చెబితే, మొగుడు రవికుమార్ అంతా విన్నాడు. లేచి వీధి తలుపు మూశాడు.

"మెల్లగా మాట్లాడు."

"అంటే నీకూ తెల్సా?"

"తెల్సు. ఈ తూరి సర్పంచి పదవి తమ్ముని పెండ్లానికని వానికి మాటిచ్చింటి. చెప్తే నువ్వు ఇనేదానివా? ఊరంతా చెప్పేసినాం, ఇప్పుడు కాదంటే పరువేం గావాల? పోలింగ్ అయ్యేదాకా జబ్బుమనిషి మాదిరే ఉండు."

ఎనిమిది నెలలు ఆమె ఏడ్చినప్పుడల్లా వీపు నిమిరింది ఈ మనిషే. పిల్లలను ఎవరు చూస్తారని ఆమె అడిగితే, నేను లేనా అన్నదీ ఈయనే. మరిదిని తిట్టుకోవడానికి మాటలు దొరికాయి, మొగుడిని తిట్టడానికి ఒక్కటీ దొరకలేదు.

తలుపు తీసి బయటికి వచ్చింది. ఎదురింటి బయమ్మ అరుగు మీద శనక్కాయలు ఒలుస్తోంది.

"నాకు క్యాన్సర్ లేదంట పెద్దమ్మా. యాపొద్దూ లేదంట."

బయమ్మ చేట పక్కకు తోసేసి, ఏడుస్తూ వచ్చి ఆమెను వాటేసుకుంది. నాగజ్యోతి బతుకుతుందని సంతోషపడిన మొదటి మనిషి ఆమెకు చుట్టం కూడా కాదు.