దగ్గుకు కాగితం

తాను చుట్టిన బీడీ తాగి ఎక్కడో ఎవరో చనిపోతే ఆ పాపంలో తనకూ భాగం ఉంటుందా అన్న అనుమానం కిష్టవ్వను ముప్ఫై ఏళ్లుగా వదల్లేదు. ఒకసారి వేములవాడలో కోడె మొక్కు చెల్లించి వస్తూ, గుడి మెట్ల మీద కూర్చున్న ముసలి సాధువును అడిగింది. ఆయన నవ్వి, "నీ కడుపుకోసం చుడుతున్నవ్ బిడ్డా. తాగుమని నువ్వు చెప్పినవా?" అన్నాడు. విన్నప్పుడు మనసు తేలికపడింది. బస్సు తన ఊరు చొప్పదండి చేరేసరికి మళ్లీ బరువెక్కింది. తాగమని చెప్పలేదు, నిజమే. చుట్టకుండా కూడా ఉండలేదు.

ఆ పొద్దున కూడా కాళ్లు చాపుకుని, ఒడిలో చాట పెట్టుకుని చుడుతూనే ఉంది. రాత్రి గోనెసంచిలో చుట్టి ఉంచిన తునికాకు మెత్తబడి ఉంది. ఎడమ చేతిలో ఆకు, కుడి చేత్తో చిటికెడు తంబాకు, రెండు వేళ్ల దొర్లింపు, దారం మూడు చుట్లు. ఆమె కళ్లు చేతుల మీద లేవు, గోడ మీది అంజన్న పటం మీద ఉన్నాయి. చూపుడువేలి గోరు పసుపురంగు దాటి గోధుమరంగుకు తిరిగి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు. ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట. ముప్ఫై రెండో కట్ట కడుతుండగా దగ్గు వచ్చింది. చాట కిందపెట్టి వాకిట్లోకి పోయింది. ఉమ్మిలో సన్నటి ఎర్రజీర కనిపించింది. కాలితో మట్టి కప్పింది.

"అత్తమ్మా, ఏంది చూస్తున్నవ్?" అంది కోడలు కోమల తలుపు దగ్గర నుంచి.

"ఏం లేదు. చీమలు."

కార్ఖానాలో కొత్త నియమం వచ్చి మూడు వారాలైంది. కరోనా రెండోసారి తిరగబడ్డాక పక్క వాడలో ఒకే వారంలో ఇద్దరు ఆడవాళ్లు పోయారు. బీడీలు అప్పజెప్పేటప్పుడు ఆడవాళ్లందరూ ఒకరినొకరు ఆనుకుని కూర్చుంటారు. అందుకే దగ్గు ఉన్నవాళ్లు దవాఖాన నుంచి రోగం లేదని కాగితం తెస్తేనే లోపలికి రానిస్తామన్నారు. ఆ మాటలో కిష్టవ్వకు తప్పేమీ కనిపించలేదు. తన వల్ల ఇంకొకరి పానం పోవద్దు గదా. కాకపోతే, దగ్గు లేని బీడీల ఆడది ఎక్కడుందో ఆమెకు తెలియదు. అందరూ బుగ్గన అల్లంముక్క పెట్టుకుని, దగ్గు దిగమింగుకుని పోతున్నారు. ఆమె వల్ల కాలేదు. రెండు వారాలు గేటు దగ్గరే వెనక్కి పంపారు. మూడోవారం కూడా బీడీలు ఇవ్వకపోతే బీడీ కార్మికుల కార్డులో పేరు కొట్టేస్తారు. కార్డు పోతే ముందుముందు రావాల్సిన పింఛన్ కూడా పోతుంది.

గంప నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. పక్కింటి బాలవ్వ తన గంపతో కలిసింది.

"కిష్టక్కా, ఇయ్యాలన్న అల్లం వెట్టుకున్నవా?"

"అల్లం గాదు, నోట్లె గుడ్డలు కుక్కుకున్నా ఆగది గిది."

"గట్లయితే నోరు ఇంట్లనే ఇడిసిపెట్టి రాకపోయినవ్!"

ఇద్దరూ నవ్వారు. నవ్వు కిష్టవ్వ గొంతులో దగ్గుగా మారింది. ముందు నడుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు వెనక్కి చూసి అడుగులు పెంచారు.

గేటు దగ్గర గుమస్తా సాగర్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మాస్కు పైన కళ్లు అలసిపోయి ఉన్నాయి.

"పెద్దమ్మా, నీ దగ్గు బస్టాండు దాకా ఇనవడుతుంది. కాగితం తేపో, బీడీలు తీసుకుంట."

"ముప్ఫై ఏండ్ల సంది దగ్గుతనే ఉన్న. ఎన్నడన్న కాగితం అడిగిండ్రా బిడ్డా?"

"అప్పుడు అది నీ ఒక్కదాని దగ్గు. ఇప్పుడు అందరిది."

వరుసలో ఉన్న ఒక పిల్లతల్లి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "జర దూరం జరుగక్కా, ఇంట్ల పసిపోరి ఉంది" అంది. కిష్టవ్వకు కోపం రాలేదు. జరిగింది. గంపను గేటు పక్కన నీడలో దించి, సర్కారు దవాఖాన దారి పట్టింది.

అక్కడ ముక్కులో పుల్ల పెట్టి తీశారు. రేకుల కింద పావుగంట కూర్చోబెట్టారు. ఆమె పెదవులు కదుపుతూ అంజన్నను తలుచుకుంది. డాక్టరమ్మ కాగితం మీద ముద్ర కొట్టింది గానీ వెంటనే ఇవ్వలేదు. కిష్టవ్వ వీపున గొట్టం పెట్టి చాలాసేపు విన్నది.

"కరోనా లేదమ్మా. కానీ లోపల గాలి సరిగా ఆడటం లేదు. ఉమ్మిలో నెత్తురు పడుతోందా?"

కిష్టవ్వ చూపు కాగితం మీదనే ఉంది. "లేదు మేడం."

"రేపే కరీంనగర్ వెళ్లి ఎక్స్‌రే తీయించుకో. వెనకవైపు రాశాను. మరిచిపోకు."

గేటు దగ్గర సాగర్ కాగితం ముందువైపు చదివాడు. వెనక్కి తిప్పలేదు. "మంచిగున్నవ్ పో పెద్దమ్మా, ఫికర్ లేదు" అని ముప్ఫై రెండు కట్టలూ తీసుకున్నాడు. కార్డు మీద సంతకం పెట్టి, కొత్త ఆకు, తంబాకు తూచి ఇచ్చాడు. మంచిగున్నవ్ అన్న మాట ఆమెతో ఎవరైనా అని ఎంతకాలమైందో. దారంతా ఆ మాటనే నెమరు వేసుకుంటూ వచ్చింది.

ఇంట్లో కోమల కాగితాన్ని రెండువైపులా చదివింది. "ఎక్స్‌రే తియ్యమన్నరు గద అత్తమ్మా?"

"రోగం లేదని ముద్ర కొట్టినంక మళ్ల ఎందుకే ఎతుకుడు? గదంత పైసలు గుంజెతందుకు రాస్తరు."

కాగితాన్ని అంజన్న పటం వెనక దోపింది. రెండు మెతుకులు తిన్నది. ఎడమ చెయ్యి బరువుగా ఉందని, గంప మోసినందుకేమోనని అనుకుంది.

మధ్యాహ్నం మళ్లీ చాట ముందు కూర్చుంది. ఈసారి కార్ఖానా లెక్క కోసం కాదు. ఎంతో కాలంగా కత్తిరింపులో పొదుపుగా మిగిల్చుకున్న ఆకు తీసింది. ఇరవై ఏళ్ల కింద ఆమెకు టైఫాయిడ్ వచ్చినప్పుడు లెక్కకు నాలుగు కట్టలు తక్కువ పడితే బాలవ్వ తన గంపలోంచి తీసి కలిపింది. ఆమె మళ్లీ అడగలేదు. కిష్టవ్వ ఇవ్వాలనుకున్న ప్రతిసారీ ఆకో, తంబాకో, ఒంట్లో సత్తువో తక్కువ పడింది. ఈ పూట ఎందుకో చేతులు వాటంతటవే తొందరపడ్డాయి. ఒక్క బీడీ కూడా వంకర పోలేదు. నాలుగు కట్టలు కట్టి, మధ్యగోడ మీద వరుసగా పెట్టింది.

"బాలవ్వా, నీ కట్టలు!"

"ఏం కట్టలే?" గోడకు అవతల బట్టలు ఉతుకుతున్న చప్పుడు ఆగింది.

"నా టైఫాయిడ్ నాటియి."

"ఓసి నీ సోకు! గవి ఎవలడిగిండ్రే నిన్ను?"

"నేనే అడిగిన, నన్ను."

"ఆడనే ఉండనియ్, చేతులు కడుక్కొని తీసుకుంట. తీసుకోకుంటే నువ్వు నిద్రపోవు గదా!"

కిష్టవ్వ నవ్వి తిరిగి వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుని కాళ్లు చాపింది. కోమల చాయ్ తెచ్చి పిలిచింది. రెండోసారి భుజం పట్టి పిలిస్తే కిష్టవ్వ పక్కకు ఒరిగిపోయింది. చాయ్ గ్లాసు కిందపడింది.

కోమల ఏడుపుకు వాడ అంతా వచ్చింది. వాకిలి దాకా వచ్చి అక్కడే నిలబడింది. కోమల పటం వెనక నుంచి కాగితం తీసి చూపించింది. "లేదని రాసిండ్రు, చూడుండ్రి, గీ పొద్దుగాలనే రాసిండ్రు."

"పొద్దుగాల లేదు బిడ్డా" అన్నాడొక పెద్దమనిషి, గొంతు తగ్గించి. "మాపటికి రాలేదని ఎవలకెరుక?"

ఎవరూ ముందుకు రాలేదు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ వారమే కరోనాకు తమ్ముణ్ని పోగొట్టుకున్నాడు.

గుంపును తోసుకుంటూ బాలవ్వ వచ్చింది. చేతులకు ఇంకా సబ్బు నురుగుంది. కొంగు ముక్కుకు బిగించి కట్టుకుని, ఎవరివైపూ చూడకుండా లోపలికి పోయింది. "తానానికి నీళ్లు కాగవెట్టు కోమలా" అన్న మాట బయటికి వినిపించింది.

మధ్యగోడ మీద నాలుగు కట్టలు వరుసగా ఉన్నాయి. నాలుగోదానికి కత్తిరించడం మరిచిపోయిన ఎర్రదారం కొస గాలికి కదులుతోంది.